అక్షరప్రత్యభిజ్ఞ – పాఠనిర్ణయము

1. ప్రస్తావన

పాఠపరిష్కర్త చేయు పనులన్నింటిలో మొదటిది చదువుట. తాళపత్రముపై గంటపు గీతనో, శిలపై ఉలిగీతనో చూచి 'ఇది పకారము, ఇది వకారము' అని గుర్తించిన పిదపనే ఛందస్సు, వ్యాకరణము, అర్థౌచిత్యము అను విచారములకు తావు కలుగును. మన పరిష్కర్తలు తమ పీఠికలలో ప్రతుల సంఖ్యను, వాని కాలమును, పాఠాంతరముల బాహుళ్యమును విరివిగా చర్చించిరి. కాని ఆ మొదటి పనిని గూర్చి, అనగా కన్నును బుద్ధియు కలిసి అక్షరమును ఎట్లు గుర్తుపట్టునను విషయమును గూర్చి, విచారించినవారు అరుదు. చదువ నేర్చిన ప్రతివానికిని అది సమానముగా సిద్ధించిన శక్తియని తలంచుట ఇందుకు కారణము కావచ్చును.

ఈ ఉపేక్ష వలన ఒక అభిప్రాయము మన విమర్శలో పాతుకొనినది. 'అక్షరమక్షరముగా చదువువాడు బాలుడు. పండితుడు అక్షరమును చూడడు, పదమునే చూచును' అనునది ఆ అభిప్రాయము. వినుటకు ఇది యుక్తముగనే తోచును. కాని దీని ఫలము వేరు. ప్రతిలోని అక్షరములకు సరిపడని పాఠమును స్వీకరించిన పరిష్కర్త 'పదజ్ఞానము కలవానికి ఇట్లే కనబడును' అని సమాధానము చెప్పుకొనుటకు ఇది అవకాశమిచ్చుచున్నది. తాను ఊహించినదానిని తాను చూచినట్లుగా ప్రకటించుటకు ఇది అనుజ్ఞాపత్రమువంటిది.

పండితుని కన్ను బాలుని కంటికంటె అక్షరములను మరింత విడివిడిగా చూచుననియు, పదమును ముందుకు తెచ్చునది విశేషముగా స్మృతియనియు, ఈ రెంటి భేదమును గమనింపకుండుటయే పాఠదోషములలో పెక్కింటికి మూలమనియు నిరూపించుట ఈ వ్యాసమునకు ప్రయోజనము. ఉదాహరణములను సాధ్యమైనంతవరకు గోరంట్ల పరిసరములనుండి గ్రహించితిని. చిత్రావతీ తీరమున, విజయనగరకాలపు మాధవరాయ దేవాలయము కలిగి, 2022 వరకు అనంతపురము జిల్లాలోను ఆపైని శ్రీ సత్యసాయి జిల్లాలోను చేరియున్న ఈ యూరు, కన్నడదేశపు పొలిమేరకు దాపున నున్నది. తోబుట్టువులవంటి రెండు లిపులు నిత్యము కంటబడు ఇట్టి మెట్టసీమకంటె అక్షరప్రత్యభిజ్ఞా విచారమునకు అనువైన తావు మరియొకటి దొరకుట కష్టము.

2. లేపాక్షి వృషభము

అక్షరము కూడ కంటికి మొదట ఒక వస్తువే. కావున వస్తుప్రత్యభిజ్ఞతో విచారమును ప్రారంభింతము.

గోరంట్లకు చేరువనే యున్న లేపాక్షి వీరభద్రాలయము అచ్యుతదేవరాయల కాలమున (1529–1542) విరూపణ్ణ, వీరణ్ణ సోదరుల పూనికతో వెలసినది. అచటి శిల్పములలో ఒక మేనికి మూడు తలలు కూర్చిన గోవు కలదు. రెండు తలలను అరచేత మూసి మూడవదానిని చూచినచో సంపూర్ణమైన జంతువొకటి కనబడును. చేతిని మార్చినకొలది అదే మేను వేరొక నిలుకడ కలిగిన జంతువునకు మేనగును. రాతిలో ఒక్క గీతయైనను కదలలేదు. ఆ గీతలను దేనికి చెందినవిగా బుద్ధి కూర్చుకొనుచున్నదో అది మాత్రము మారినది.

ఇందు రెండు విషయములు గమనింపదగినవి. ఒకే గీత రెండు వస్తువులకు అవయవము కాగలదు, ఇది మొదటిది. ఒకసారి ఒక వస్తువుగా కూర్చుకొనిన పిదప రెండవ కూర్పు మనస్సునకు తోపక మరుగుపడును; ఇది రెండవది. చెదలు తిన్న ఆకుపై మిగిలిన ఒక వంపు పకారమునకును వకారమునకును అవయవము కావచ్చును. దానిని పకారమని ఒకసారి చదివినవానికి వకారము తోచుట కష్టము. పాఠకుడు నిజాయితీతోనే 'నేను పకారమును చూచితిని' అనును. అతడు చూచినది వంపును, కూర్చుకొనినది పకారమును.

3. పూర్వుల విచారము

మన శాస్త్రకారులు ఈ విషయమును లిపిపరముగా చర్చింపలేదు. వారికి శబ్దము ప్రధానము. అయినను వారి ప్రత్యక్షవిచారము ఇచట మిక్కిలి ఉపకరించును.

ప్రత్యక్షము నిర్వికల్పకము, సవికల్పకము అని రెండు విధములని నైయాయికులు చెప్పిరి. 'ఏదో యున్నది' అను స్థితి మొదటిది. 'ఇది ఘటము' అని నామజాత్యాదులతో కూడి నిశ్చయమైనది రెండవది. భర్తృహరి వాక్యపదీయమున, దూరమునుండి చెట్టును చూచి ఏనుగని భ్రమించినవాడు, మరల మరల చూడగా చూడగా దానిని చెట్టుగా తెలిసికొనునను దృష్టాంతమును చూపెను. వర్ణములు వరుసగా వినబడుచుండగా మొదట అస్పష్టముగా తోచిన పదము తుదకు స్పష్టమగునని అతని భావము. మండనమిశ్రుడు స్ఫోటసిద్ధిలో రత్నపరీక్షకుని ఉదాహరించెను. మణి యొక్క స్వరూపము మొదటి చూపునకే దొరకదు. పలుమారు చూచిన సంస్కారముతో కూడిన తుది చూపునకు దొరకును. ఇచట గమనింపవలసినది యేమనగా, ఈ ఆచార్యులలో ఎవ్వరును తొలిచూపులను పనికిరానివని త్రోసివేయలేదు. తుదిచూపు తొలిచూపులపైననే నిలుచును.

పాఠవిమర్శకునకు అందరికంటె ఎక్కువ ఉపకరించువాడు మీమాంసకుడైన ప్రభాకరుడు. ముత్యపుచిప్పను చూచి 'ఇది వెండి' అనువాని భ్రాంతికి అతడు చెప్పిన కారణము అఖ్యాతి. 'ఇది' అనునది కన్ను ఇచ్చినది. 'వెండి' అనునది స్మృతి ఇచ్చినది. రెండును వేర్వేరుగా నిజమైనవే. వాని మధ్యనున్న భేదము తెలియకపోవుటయే భ్రాంతి. తత్త్వశాస్త్రమున ఈ వాదము నిలుచునా నిలువదా అనునది వేరు చర్చ. పాఠపరిష్కరణమున జరుగు తప్పునకు మాత్రము ఇంతకంటె సరియైన నిర్వచనము లేదు. శిథిలమైన వంపు ప్రత్యక్షము, అక్షరము స్మృతము, పరిష్కర్త రెంటిని కలిపి 'చదివితిని' అనును.

ఆలంకారికులును కంటి పనిని ఎరిగినవారే. సందేహము, భ్రాంతిమంతము, మీలితము, సామాన్యము, ఉన్మీలితము, విశేషకము అను అలంకారములు సాదృశ్యము వలన భేదము మరుగుపడుటను, మరల బయటపడుటను వర్గీకరించినవే. కువలయానందమున అప్పయ్యదీక్షితులు వీనిని వేర్వేరుగా నిరూపించెను. సాదృశ్యమున భేదము మునిగిపోవుట మీలితము; మునిగిన భేదము ఏదో ఒక హేతువుచే తేలుట ఉన్మీలితము. కావ్యమున ఇవి చమత్కారములు. లేఖకుని ప్రతిలో ఇవియే దోషములును దోషపరిహారములును.

4. నాడీశాస్త్రము చెప్పునది

పూర్వులు తర్కముచే విభజించినదానిని ఆధునికులు మెదడున వెదకిరి. 1892లో ఫ్రెంచి వైద్యుడు జూల్ దెజెరీన్ ఒక విచిత్రమైన రోగిని వర్ణించెను. ఆ రోగి చదువుకొనినవాడు. అతని మాట చెడలేదు, వస్తువులను గుర్తుపట్టగలడు, వ్రాయనుగలడు. కాని అక్షరములను చదువలేడు. తాను వ్రాసినదానినే తాను చదువలేడు. అక్షరపు గీతల వెంబడి చేతిని కదలించినచో మాత్రము అది యేదో తెలిసికొనెడివాడు. మెదడు ఎడమభాగమున, వెనుకవైపున కలిగిన దెబ్బయే దీనికి కారణమని తేలెను. వస్తువులను గుర్తించు శక్తి నిలిచియుండగా అక్షరములను గుర్తించు శక్తి మాత్రమే నశింపగలదని దీనివలన స్పష్టమైనది. అక్షరములను దిద్దించి నేర్పు మన పాత బడుల పద్ధతిలో చేతికిని స్మృతి కలదను భావమునకును ఈ రోగి కథ ఒక సాక్ష్యము.

1959లో హ్యూబెల్, వీసెల్ అను శాస్త్రజ్ఞులు పిల్లి మెదడును పరిశీలించి, దృష్టిక్షేత్రమందలి నాడీకణములలో ఒక్కొక్కటి ఒక్కొక్క వాలు గల గీతకు స్పందించునని కనుగొనిరి. 1981లో వారికి నోబెల్ బహుమానము లభించినది. దృష్టి మొదట గీతలను విడదీయునని, పిదపనే ఆకృతులు కూడునని దీని సారాంశము. లొరాన్ కోహెన్, స్తనిస్లాస్ దెహేన్ ప్రభృతులు 2000 మొదలుకొని చేసిన పరిశోధనలలో, దెజెరీన్ రోగికి దెబ్బతగిలిన ప్రాంతమునకు సమీపముననే వ్రాతపదములకు ప్రత్యేకముగా స్పందించు తావొకటి కలదని చూపిరి. లిపి పుట్టి కొన్నివేల యేండ్లు మాత్రమే యైనది. అంతలో మెదడు దానికొరకై క్రొత్త అవయవమును సృజించుకొనలేదు. వస్తువులను గుర్తించుటకై యున్న భాగమే విద్యాభ్యాసముచే అక్షరముల పనికి మరలినదని దెహేన్ వాదము. గోవును గుర్తించు శక్తియే గకారమును గుర్తించుటకు అక్కరకు వచ్చినదన్నమాట.

మన ప్రశ్నకు సూటియైన సమాధానము బెంగుళూరునుండి వచ్చినది. అచటి భారతీయ విజ్ఞాన సంస్థకు చెందిన ఆకాశ్ అగ్రవాల్, కె. వి. ఎస్. హరి, ఎస్. పి. అరుణ్ అనువారు తెలుగు చదువరులను, మలయాళము చదువరులను తీసికొని పరీక్షించి 2019లో ఫలితములను ప్రకటించిరి. ఒకరి లిపి మరియొకరికి తెలియదు. కావున ప్రతి లిపికిని చదువరులును, చదువరులు కానివారును లభించిరి. ఒకే గుర్తులపై ఇరువురి కన్నును పోల్చుటకు వీలు కలిగినది. సమానమైన గుర్తుల నడుమ భిన్నమైన దానిని ఎంత త్వరగా కనుగొందురనునది పరీక్ష. త్వరగా కనుగొనినచో ఆ రెండు గుర్తులును కంటికి మిక్కిలి దూరముగా నున్నవని అర్థము.

వారి ముందు రెండు పక్షములుండెను. చదువు నేర్చినవానికి అక్షరముల గుంపులు విడదీయరాని ముద్దలై, ఒక్కొక్క ముద్దకు ప్రత్యేకమైన గుర్తింపు ఏర్పడునని ఒక పక్షము. విడి అక్షరములనుబట్టియే గుంపు యొక్క రూపమును చెప్పగలుగునట్లు చూపు నిర్మలమగునని రెండవ పక్షము. ఫలితములు రెండవ పక్షమునే బలపరచినవి. లిపి తెలిసినవారికి ఏకాక్షరములు ఒకదానికంటె ఒకటి మరింత భిన్నముగా కనబడినవి. రెండక్షరముల జంటలో ఒక అక్షరము రెండవదానిపై చూపు ప్రభావము తగ్గినది. ఈ ప్రభావమునకును చదువునందలి ధారాళతకును సంబంధము కనబడినది. మెదడును చిత్రించి చూడగా, దృష్టిక్షేత్రమున వస్తువుల గుర్తింపునకు సంబంధించిన ఒక భాగములో ఇదియే నియమము గోచరించినది: చదువరుల మెదడున జంటకు కలుగు స్పందము విడి అక్షరముల స్పందములనుండి మరింత సులభముగా ఊహింపదగియున్నది.

ఇది మన విషయమునకు మిక్కిలి ముఖ్యము. లిపి తెలియనివానికి జంట ఒక ముద్దగా కనబడును. లిపి తెలిసినవానికి అది విడివడిన రెండక్షరములు. అభ్యాసము చూపును పదములో ముంచివేయుట లేదు, అక్షరములను తేటపరచుచున్నది. ఈ పరీక్ష శిథిలపత్రములపై జరిగినది కాదు, నిజమే. కాని 'పండితుడు అక్షరమును చూడడు' అను మాటకు కంటిని సాక్షిగా పిలుచుటకు ఇకపై వీలులేదు.

అట్లయిన పదజ్ఞానమునకు పాత్రయే లేదా? కలదు. క్షణకాలము చూపిన అక్షరము ఒంటరిగా నున్నప్పటికంటె పదమధ్యమున నున్నప్పుడే బాగుగా గుర్తింపబడునని 1969లో రైకర్ పరీక్షించి చూపెను. ఈ సాయము ఎరిగిన పదముల సంస్కారము వలన వచ్చునది. కన్ను అక్షరములను అందించుచుండగా స్మృతి పదములను అందించును. రెండును ఒకదానికొకటి తోడ్పడును. అక్షరములు స్పష్టముగా నున్నచోట ఈ తోడ్పాటు వేగమునకు కారణము. అక్షరములు చెడినచోట ఇదియే అపాయమునకు కారణము. కన్ను మౌనము వహించినను స్మృతి మాటలాడుచునే యుండును. వినువానికి రెండు గొంతులును ఒక్కటిగనే తోచును.

5. తెలుగు లిపి స్వభావము

'గోరంట్ల' అను మాటనే తీసికొందము. ఇందు గకారమునకు ఓత్వము పైన చేరినది. రేఫము పిదప సున్న. టకారము క్రింద లకారపు ఒత్తు. ఈ ఒత్తునకును 'లేపాక్షి'లోని లకారమునకును ఆకృతిసామ్యము లేదు. గ, డ, ద మున్నగువాని ఒత్తులు తల్లి అక్షరమును పోలియుండును; త, న, మ, య, ర, ల లకు వేరు రూపములు కలవు. అయినను చదువరికి రెండును లకారములే. కావున ప్రత్యభిజ్ఞ కేవలము ఆకృతులను సరిపోల్చుట కాదు. పెక్కు ఆకృతులను ఒక వర్ణమునకు చేర్చుట. దీనికి విపర్యయముగా, సున్న అంకెయై నిలుచును, అక్షరమై నిలుచును. ఏకాకృతి రెండర్థములకు చేరును. ప్రాచీన శాసనలిపిలో ఎత్వ ఏత్వములకును ఒత్వ ఓత్వములకును భేదము చూపెడి వాడుక లేదు. అట్టి లిపిలో వ్రాసినచో 'గోరంట్ల'లోని దీర్ఘమును చదువరియే సమకూర్చుకొనవలెను.

ఆకృతిసామ్యముచే భ్రాంతి కలిగించు జంటలు మన లిపిలో పెక్కు కలవు. ప–వ, ప–ష, మ–య, న–స, ర–ఠ, థ–ధ, బ–భ, చ–ఛ, డ–ఢ అనునవి ముఖ్యములు. కొన్నింటికి భేదకము లోపలి చుక్క. కొన్నింటికి క్రింది గీత. కొన్నింటికి తలకట్టు కలియుటయు కలియకపోవుటయు. తాళపత్రముపై గంటపు మొన ఆకు ఈనెల వెంబడి సాగు నిడుపు గీతను గీచినచో ఆకు చీలును. అందుచే వంపులే ప్రధానములైనవి. వంపులు ప్రధానమైనచోట భేదమంతయు చిన్న గుర్తులపై నిలుచును. మసి చాలకున్నను, పురుగు తొలిచినను మొదట నశించునవి ఆ చిన్న గుర్తులే.

పొలిమేర సీమలో ఇంకొక చిక్కు కలదు. తెలుగు కన్నడములు చాలకాలము ఒకే లిపిలో వ్రాయబడినవి. నొళంబుల రాజధానియైన హేమావతి మొదలుకొని ఈ మెట్టభూమి అంతటను రెండు భాషల శాసనములును కలవు. నేటికిని గ, ద, న, ర, ల, వ మున్నగునవి రెండు లిపులలోను ఇంచుమించు ఒక్కటే. క, త, శ వంటివి భిన్నములు. కన్నడము నేర్వని గోరంట్లవాసి కన్నడదేశపు బస్సు పలకపై కదిరి పేరును చూచినచో 'దిరి' అను రెండక్షరములను చదువగలడు. మొదటి అక్షరము అతనికి తెలియనిది. అయినను 'కదిరి అని చదివితిని' అనును. 'దిరి' ప్రత్యక్షము, 'క' స్మృతము. ఆ దారిని పోవు ఊళ్ల పేర్లు అతనికి ముందే తెలియును గాన పొరపాటు పడడు. ఆ ఊళ్లను ఎరుగనివాడు ఈ ధైర్యముతోనే చదివినచో నేమగును? శిథిలశాసనమున గ్రామనామములను చదువు పండితుని స్థితి సరిగా ఇదియే. ఏనాడో పాడుపడిన పల్లె పేరు అతని స్మృతిలో లేదు. కావున ఎరిగిన ఊరి పేరొకటి వచ్చి దాని స్థానమున కూర్చుండును.

6. ఛందస్సు ఎంతవరకు రక్ష?

పద్యమున ఛందస్సు అక్షరమును కాపాడునని మన నమ్మకము. యతిప్రాసములు గల తెలుగు పద్యమునకు ఈ విషయమున సంస్కృతశ్లోకముకంటె బలము ఎక్కువయని తరచు చెప్పుదురు. పైని జంటలతో దీనిని పరీక్షింతము.

మ–య జంటను, న–స జంటను, ప–ష జంటను యతి సామాన్యముగా విడదీయగలదు. యకారము అకార హకారములతో చెల్లును. మకారము అట్లు చెల్లదు. సకార షకారములు చవర్గముతో చెల్లును. నకార పకారములకు ఆ మైత్రి లేదు. కావున యతిస్థానమున 'మానము' అనియా 'మాసము' అనియా సందేహము కలిగిన మాట అచ్చటికి తగిన అక్షరముతో మొదలైనను కాకున్నను, సందిగ్ధాక్షరమే యతిస్థానమున పడినచో తీర్పు దొరకును. ప–వ, థ–ధ, బ–భ, చ–ఛ, డ–ఢ జంటల సంగతి వేరు. ప ఫ బ భ వ లు ఒక మైత్రి, థ ధ లు ఒకే వర్గము, తక్కినవియు అట్లే. కంటికి పోలికగలవియే చెవికిని నేస్తములైనవి. ఈ జంటలలో ఏది నిలిపినను యతి చెల్లును, గురులఘువులు మారవు, గణము చెడదు. 'వరము' అనియా 'పరము' అనియా సందేహము కలిగినప్పుడు, భక్తికావ్యమున రెండును అర్థవంతములైనచో, ఛందస్సు నోరు విప్పదు.

ప్రాస మరికొంత కఠినము. అది సాధారణముగా ఆ హల్లునే కోరును. కాని ప్రాస పాదమున రెండవ అక్షరమునకే కావలి. పాదమున తక్కిన అక్షరములకు గురులఘువులు తప్ప వేరు కావలి లేదు. కావున 'పద్యమునకు సరిపడినది గాన ఇదియే పాఠము' అను వాదము, ఏ జంట విషయమున చెప్పబడుచున్నదో చూచి పిదప విలువకట్టవలసినది.

7. కంటితప్పు, స్మృతితప్పు

లేఖకదోషములను పైని విభాగముననుసరించి రెండు తెగలుగా చూడవచ్చును. కంటితప్పు ఆకృతిని నిలిపి అర్థమును చెరచును. స్మృతితప్పు అర్థమును నిలిపి, లేదా మరింత సులభమైన అర్థమును తెచ్చి, ఆకృతిని చెరచును. ఒక కల్పితోదాహరణము: మూలమున స్తుత్యర్థకమైన 'నవనము' అను మాట యున్నదనుకొందము. అంతగా చదువురాని లేఖకుడు దానిని 'నపనము' అని వ్రాసెను. చదువరియైన లేఖకుడు 'స్తవనము' అని దిద్దెను. 'నపనము' అర్థహీనము, కాని దానినుండి మూలమునకు తిరిగి పోవు దారి కలదు. 'స్తవనము' చక్కని మాట. దానివలన దారి మూసికొనిపోయినది. చదువురాని లేఖకుని ప్రతిని తూలనాడుట మన పీఠికలలో ఆచారము. పాఠవిమర్శకునకు అట్టి ప్రతి పెక్కుచోట్ల పండితప్రతికంటె విలువైనది. క్లిష్టపాఠమును తేలికగా త్రోసివేయరాదను నియమమునకు మూలమును ఇదియే.

వేమన పద్యములు స్మృతితప్పునకు ఉదాహరణము. వేమన సమాధి యున్న కటారుపల్లె గోరంట్లకు ఎగువన కదిరి ప్రాంతముననే కలదు. బ్రౌను పెక్కు ప్రతులను సేకరించి పోల్పించి 1829లో వేమన పద్యములను అచ్చువేయించెను. నోటనుండి నోటికి నడచిన ఈ పద్యములను వ్రాయు లేఖకునకు ఎదుటి ప్రతికంటె తన నోటికి వచ్చిన పాఠమే ముందుగా తోచును. కావున వేమన ప్రతులలోని భేదములను కేవలము ప–వ, మ–య సామ్యములతో సాధింపబూనుట వ్యర్థము. ఏ కావ్యమున ఏ తెగ తప్పు అధికమో నిర్ణయించిన పిదపనే పరిష్కరణపద్ధతి నిర్ణయింపదగును.

అక్షరములన్నియు సరిగా చదివినను వస్తువును గుర్తించుటలో భ్రాంతి కలుగవచ్చును. అమరావతి స్తూపశిలపై 'నాగబు' అను అక్షరములను వేటూరి ప్రభాకరశాస్త్రి తెలుగు మాటగా గుర్తించెను. అది ప్రాకృతనామములో విరిగి మిగిలిన తునక కావచ్చునని సందేహించినవారును కలరు. వివాదము అక్షరముల విషయమున కాదు. ఆ మూడక్షరములు పూర్ణమైన మేనా, వేరొక తలకు చెందిన మేనా అను విషయమున. లేపాక్షి గోవు మరల జ్ఞప్తికి వచ్చుచున్నది. అట్లే ఆనందగోత్రజుడైన అత్తివర్మ తామ్రశాసనము 'గోరంట్ల శాసన' మని ప్రసిద్ధము. అది గుంటూరు సీమలోని గోరంట్లకు చెందినది. చిత్రావతీ తీరపు గోరంట్ల చరిత్రమున దానిని చేర్చినచో అక్షరమాత్రమును తప్పు చదువకయే చరిత్రను తప్పు చదివినవారమగుదుము.

8. ఆక్షేపము – సమాధానము

'ఊహ లేనిదే శిథిలశాసనమున ఒక పంక్తియైనను చదువబడదు. స్మృతిని వెలివేసినచో పాండిత్యమెందులకు?' అని ఆక్షేపింపవచ్చును. స్మృతిని వెలివేయుమని ఈ వ్యాసము చెప్పుట లేదు. స్మృతి ఇచ్చినదానిపై స్మృతి యని ముద్ర వేయుమని మాత్రమే చెప్పుచున్నది. శాసనపరిష్కర్తలు ఈ మర్యాదను చాలకాలముగా పాటించుచున్నారు. సందిగ్ధాక్షరములను కుండలీకరణముననుంచి, నశించినవానికి చుక్కలుంచి, తాము పూరించినదానిని వేరుగా చూపుదురు. భండార్కరు ప్రాచ్యపరిశోధన సంస్థ పక్షమున సుఖ్తంకరు పరిష్కరించి 1933లో ముగించిన సంస్కృతభారత ఆదిపర్వమున సందిగ్ధపాఠముల క్రింద అలల గీత యుంచబడినది. మన కావ్యపరిష్కరణములలో పెక్కింట నట్టి గుర్తులు లేవు. చూచినదియు ఊహించినదియు ఒకే అచ్చులో సమానగౌరవముతో నిలుచుచున్నవి.

కావున మూడు నియమములను సూచించుచున్నాను. మొదటిది: శిథిలస్థలములను గ్రంథమెరిగిన ఒకరును, లిపి మాత్రమే యెరిగిన ఒకరును వేర్వేరుగా ఎత్తి వ్రాయవలెను; ఇరువురి వ్రాతలును భిన్నించినచోట రెంటిని ప్రకటింపవలెను. రెండవది: పాఠాంతరపట్టికలో ప్రతి భేదమునకును అది ఆకృతిజన్యమా స్మృతిజన్యమా యను విచారము, సాధ్యమైనచో, చేర్పవలెను. మూడవది: ఛందస్సును ప్రమాణముగా చూపునప్పుడు ఆ జంటను ఛందస్సు విడదీయగలదో లేదో ముందుగా చెప్పవలెను.

ఈ నియమములు నేడు మరింత అవసరములైనవి. తాళపత్రములను, పాత అచ్చుపుస్తకములను ఛాయాచిత్రములుగా తీసి, యంత్రములచే చదివించి అక్షరములుగా మార్చు పని సాగుచున్నది. అట్టి యంత్రములలో కొన్నింటికి ఆకృతిని చదువు భాగమును, భాషలో ఏ మాట తరచు వచ్చునో ఎరిగిన భాగమును రెండును కలవు. రెండవ భాగము సందిగ్ధమైన మాటను తరచు వచ్చు మాటగా దిద్దును. పండితలేఖకుని తప్పే ఇది. కాని ఒక లేఖకుడు ఒక ప్రతిని మాత్రమే చెరుపగలడు, యంత్రము వేల ప్రతులను ఒక్కమారు ఒకే తీరున చెరుపగలదు. యంత్రము ఆకృతినిబట్టి చదివినదియు, భాషనుబట్టి దిద్దినదియు రెండును వేర్వేరుగా భద్రపరుపబడవలెను. మొదటిదానిని చెరిపివేసి రెండవదానినే నిలుపుట 'నపనము'ను చించివేసి 'స్తవనము'ను దాచుకొనుటవంటిది.

ఇందువలన నష్టపోవునవి ప్రసిద్ధకావ్యములలోని ప్రసిద్ధపదములు కావు. వానిని స్మృతియే కాపాడును. ఒక్కమారే ప్రయుక్తమైన దేశ్యపదము, ఒక సీమకే పరిమితమైన వ్యవసాయపు మాట, నీరింకిన చెరువు పేరు, దానముగా ఈయబడిన మెట్టచేని హద్దు, పాడుపడిన పల్లె నామము – ఎవ్వరి స్మృతిలోను లేని ఇవి అక్షరములను ఆశ్రయించి మాత్రమే బ్రదికియున్నవి. వానిని అక్షరమక్షరముగా చదువు ఓపికయే వానికి మిగిలిన రక్ష.